నాలుగు రోజుల అడవి

హో నది లోయలో నాలుగు రోజులు నడవాలనుకునేవాళ్ళ ప్రయాణం వంటింటి త్రాసు దగ్గర మొదలవుతుంది. రవ్వ ఎంత, నెయ్యి ఎంత, డేరా ఎంత, వానకోటు ఎంత అని ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాసుకుంటారు. వీపు మీద మోయాల్సిన ప్రతి వస్తువూ ఆ త్రాసు ఎక్కి దిగాల్సిందే. బరువు తగ్గుతుందని పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసేసేవాళ్ళు కూడా ఉన్నారు. పక్కనుంచి చూసేవాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుంది. వందల ఏళ్ళుగా నిలబడ్డ చెట్ల మధ్యకు వెళ్ళబోతూ పది గ్రాముల కోసం ఇంత తర్జనభర్జనా? అడవికి వెళ్ళడమంటే కాళ్ళు తీసుకెళ్ళిన చోటికి వెళ్ళడం కదా, ఇన్ని లెక్కలు కట్టుకుని వెళితే చూడడానికి ఇక అడవి ఎంత మిగులుతుంది? సందేహం న్యాయమైనదే. అయితే ఆ కాగితాన్ని ఓపిగ్గా చదివితే అందులోని ప్రతి పద్దు వెనుకా ఆ లోయ సంగతి ఒకటి కనిపిస్తుంది. అక్కడి వాన, అక్కడి ఎలుగుబంటి, మంచు కరిగి పారే నీళ్ళ రంగు, కూలిన చెట్టు మీద మొలిచే మొక్క, అన్నీ వస్తువుల పేర్లతో ఆ పట్టీలోకి ఎక్కి కూర్చుంటాయి. పథకం వేసుకోవడమంటే అడవిని ఒకసారి ముందుగా చదువుకోవడమే.

హో లోయ అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ ద్వీపకల్పంలో ఉంది. పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే మబ్బులు ఒలింపిక్ కొండలకు తగిలి అక్కడే కురిసిపోతాయి. లోయలో ఏడాదికి సుమారు మూడున్నర మీటర్ల వాన పడుతుంది. ఆంధ్రప్రదేశ్ సగటు వర్షపాతం ఒక మీటరు కూడా ఉండదన్నది గుర్తు చేసుకుంటే ఆ తడి ఎంతటిదో ఊహకు అందుతుంది. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ కొండలను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. వేటకు బలై తగ్గిపోతున్న ఎల్క్ దుప్పులను కాపాడడం అందులో ముఖ్యోద్దేశం. ఇక్కడి దుప్పి ఉపజాతికి ఆయన పేరే ఉంది. 1938లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో ఇది ఒలింపిక్ జాతీయ ఉద్యానవనమైంది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సియాటిల్ నుంచి కారులో నాలుగు గంటల దారి. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ లాంటి ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఇక్కడికి వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది హాల్ ఆఫ్ మాసెస్ అనే చిన్న బాట చుట్టి, నాచు వేలాడే మేపుల్ చెట్ల కింద ఫొటోలు తీసుకుని పొద్దుగూకే లోపు వెనక్కి వెళ్ళిపోతారు. అక్కడి నుంచే ఇంకో బాట నది వెంట లోపలికి పోతుంది. నాలుగు రోజుల లెక్క ఆ బాటదే.

మొదట తేల్చుకోవలసింది కాలం. అక్టోబరు నుంచి మార్చి దాకా లోయ దాదాపు ఎడతెరిపి లేకుండా తడుస్తుంది. బాట చివర ఉన్న గ్లేసియర్ మెడోస్ సుమారు 4,300 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ జులైలోకి వచ్చినా మంచు పేరుకుని ఉండడం మామూలే. కాబట్టి జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉన్న రెండు నెలలే పైదాకా నడవడానికి అనువైనవి. అలాగని చలికాలం సంగతి నడిచేవాళ్ళకు అక్కర్లేదనుకోవడానికి వీల్లేదు. 2024 డిసెంబరు తుఫానులకు నది ఒడ్డు కోసుకుపోయి లోయకు వెళ్ళే ఏకైక రోడ్డు తెగిపోయింది. మళ్ళీ 2025 మే నెల దాకా తెరుచుకోలేదు. ఎప్పుడో చలికాలంలో నది చేసిన పని వేసవి ప్రయాణాన్ని తారుమారు చేయగలదు. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్ళు బయలుదేరే ముందు రోడ్డు సంగతి, బాట సంగతి ఉద్యానవనం వారి ప్రకటనల్లో చూసుకోవడాన్ని తిథి చూసుకున్నంత శ్రద్ధగా చేస్తారు.

రెండోది అనుమతి. రాత్రి బస చేసే ప్రతి ఒక్కరికీ పర్మిట్ ఉండాలి. వేసవి పర్మిట్లు ఏప్రిల్ మధ్యలోనే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఏ రాత్రి ఏ మకాంలో ఉంటారో అప్పుడే చెప్పాలి. ఆగస్టులో ఒక మంగళవారం రాత్రి ఎల్క్ లేక్ దగ్గర పడుకుంటామని ఏప్రిల్లో రాసివ్వడం ఏమిటన్న విసుగు ఎవరికైనా కలుగుతుంది. అడవిలో నిద్రపోవడానికి ఒకరి అనుమతి దేనికి? జవాబు కాళ్ళ కిందే ఉంది. అక్కడి నేల మట్టీ, కుళ్ళిన ఆకూ, నాచూ కలిసిన మెత్తటి పరుపు. దాని మీద ఒక్క డేరా పడితే గడ్డి అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది. రోజుకో పది డేరాల చొప్పున వేసవంతా పడితే నేల గట్టిపడి, వాన నీరు ఇంకక, అక్కడ ఇంకేమీ మొలవదు. మకాంకు ఇంతమందే అన్న లెక్క ఆ నేల ఓర్చుకోగలిగినదాన్ని బట్టి వేసుకున్నది. ఏప్రిల్లో ఓ గంట కంప్యూటరు ముందు కాపు కాయడం ఆ నేలకు ఇచ్చే మర్యాద అనుకుంటే విసుగు తగ్గుతుంది.

తర్వాత మజిలీలు. మొత్తం బాట ఒకవైపు పదిహేడు మైళ్ళ పైచిలుకు, అంటే దాదాపు 28 కిలోమీటర్లు. వెళ్ళిన దారినే తిరిగి రావాలి. అయిదో మైలు దగ్గర ఫైవ్ మైల్ ఐలండ్, తొమ్మిదో మైలు దగ్గర ఒలింపస్ గార్డ్ స్టేషన్, పదిహేనో మైలు దగ్గర ఎల్క్ లేక్, చివర గ్లేసియర్ మెడోస్. మొదటి పన్నెండు మైళ్ళు దాదాపు చదునే. కొండెక్కుతున్నట్టు కాళ్ళకు తెలియదు. ఎక్కాల్సినదంతా చివరి అయిదు మైళ్ళలో కూడబలుక్కుని ఉంటుంది. అందుకే మొదటి రోజు గార్డ్ స్టేషన్ దాకా, రెండో రోజు ఎల్క్ లేక్ దాకా వెళ్ళి, మూడో రోజు బరువు అక్కడే వదిలి పైకెక్కి హిమానీనదం చూసి దిగి వచ్చి మళ్ళీ అక్కడే పడుకుని, నాలుగో రోజు పదిహేను మైళ్ళు ఒక్కబిగిన నడిచేస్తారు చాలామంది. ఆఖరి రోజు బరువు తగ్గి ఉంటుంది, దారి దిగుడు, కాళ్ళు అలవాటుపడి ఉంటాయి. లెక్క బాగానే ఉంది. కానీ పదిహేను మైళ్ళ ఆ చివరి నడకలో అడవిని చూసేదెవరు? కళ్ళు కారు దగ్గరికి, మనసు వేడి వేడి అన్నం దగ్గరికి పోతాయి. ఒక రాత్రి అదనంగా దొరికితే తిరుగు దారిలోనూ గార్డ్ స్టేషన్ దగ్గర ఆగడం మేలైన పని.

మజిలీల లెక్క తెలుగువాళ్ళకు కొత్తది కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మకాం గురించీ రాసుకుంటూ పోయాడు: ఊరు ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళ వసతి ఉందా, అంగళ్ళున్నాయా, ఏ సామాను దొరుకుతుంది. అహోబిలం, శ్రీశైలం దారుల్లో నల్లమల గుండా వెళ్ళినప్పుడూ ఆ చూపు తప్పలేదు. పల్లకీలూ బోయీలూ డేరాలూ వెంట ఉన్న ప్రయాణం అది. వీపున సంచి తగిలించుకుని పోయే ఇద్దరు మనుషుల నడకకు దానికీ పోలిక తక్కువే. అయినా దినచర్యలో మొదటి ప్రశ్న రెండింటిలోనూ ఒకటే. రాత్రి ఎక్కడ ఆగుతాం, అక్కడ నీళ్ళుంటాయా? తేడా అల్లా, హో లోయలో తర్వాతి మజిలీ దగ్గర అంగడి లేదు, సత్రం లేదు. ఉప్పు మరిచిపోతే నాలుగు రోజులూ చప్పిడే.

రోజుకు ఎన్ని మైళ్ళన్నది కాళ్ళ బలాన్ని బట్టి కాక కళ్ళ ఆకలిని బట్టి తేల్చుకోవాల్సిన చోటు ఇది. ఫోర్క్స్ ఊరి వైపు నుంచి వచ్చే రోడ్డుకు అటూ ఇటూ కలప కోసం నరికి మళ్ళీ నాటిన అడవి కనిపిస్తుంది. ఒకే వయసు, ఒకే ఎత్తు, ఒకే లావు చెట్లు. కింద నీడ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఉద్యానవనం సరిహద్దు దాటాక చూపే మారిపోతుంది. రెండు వందల అడుగులు దాటిన సిట్కా స్ప్రూస్ పక్కనే మోకాలెత్తు హెమ్లాక్ మొక్క, దాని పక్కన తల విరిగి నిలువునా ఎండిన మాను, దాని కింద అడ్డంగా పడి నాచు కప్పుకున్న మరో మాను. పడిన చెట్టు చేసిన ఖాళీలోంచి వెలుగు దిగిన చోట ఫెర్న్‌లు గుబురుగా ఉంటాయి. పాత అడవి అంటే పెద్ద చెట్లున్న అడవి అని అనుకుంటాం. నిజానికి అక్కడ ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది చచ్చిన చెట్లు. జెర్రీ ఫ్రాంక్లిన్, ఆయన సహచరులు 1981లో వెలువరించిన ప్రసిద్ధ నివేదిక చెప్పింది కూడా ఇదే: ముదురు చెట్లతో పాటు నిలిచి ఎండిన మానులూ, నేలకూలిన దుంగలూ, వాగుల్లో పడ్డ దుంగలూ ఉంటేనే అది పాత అడవి అవుతుంది. అంతకుముందు అడవుల శాఖల వాళ్ళకు అవి ఏరిపారేయాల్సిన చెత్త.

ఒక్క దుంగ దగ్గర ఆగి చూస్తే సంగతి తెలుస్తుంది. మనిషి ఛాతీ ఎత్తున అడ్డంగా పడి ఉంటుంది. బెరడు ఊడిపోయి, పైన వేలెడు మందాన నాచు. చేత్తో నొక్కితే తడిసిన స్పంజిలా అణిగి నీళ్ళు చిమ్ముతుంది. దాని మీద అగ్గిపుల్లంత హెమ్లాక్ మొలకలు వందలుగా ఉంటాయి. లోయ నేల మీద నాచూ ఫెర్న్‌లూ ఎంత దట్టమంటే పడిన విత్తనానికి వెలుగు అందదు, వేరు మట్టికి చేరదు. కూలిన మాను మీద పడితే దానికి కాస్త ఎత్తు, కాస్త వెలుగు, నిలవ ఉన్న తడి దొరుకుతాయి. వందల్లో ఏ రెండు మూడో బతికి, దుంగకు అటూ ఇటూ వేళ్ళు దించి నేలను పట్టుకుంటాయి. కాలం గడిచి కింది దుంగ పూర్తిగా కుళ్ళి మాయమయ్యాక ఆ చెట్లు సున్నం కొట్టిన తాడు పెట్టి నాటినట్టు ఒకే వరసలో, వేళ్ళ కాళ్ళ మీద లేచి నిలబడి ఉంటాయి. కాళ్ళ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీయే తల్లి మాను ఉన్న చోటు. హో బాటలో ఇలాంటి వరసలు ఎన్నో. తలెత్తి చూస్తే ఇంకో వింత. బిగ్‌లీఫ్ మేపుల్ కొమ్మల మీద పేరుకున్న నాచులో మట్టి తయారవుతుంది. ఆ మట్టిలోకి మేపుల్ చెట్టు తన కొమ్మల నుంచే వేళ్ళు పంపి పోషకాలు తీసుకుంటుంది. ఒలింపిక్ అడవుల్లో చెట్లెక్కి ఈ సంగతి కనిపెట్టి 1981లో లోకానికి చెప్పింది భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త నళినీ నాద్కర్ణి.

ఈ దుంగలు కుళ్ళడానికి ఎంతకాలం పడుతుంది? ఆరెగన్ రాష్ట్రంలోని హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవిలో మార్క్ హార్మన్ 1985లో అయిదు వందలకు పైగా దుంగలను అడవిలో పరిచి వాటి కుళ్ళును కొలిచే పని మొదలుపెట్టాడు. ఆ ప్రయోగానికి వేసుకున్న గడువు 200 ఏళ్ళు. మొదలుపెట్టినవాడు ముగింపు చూడడు. అతని శిష్యులూ చూడరు. అయినా ఎవరో వచ్చి కొలుస్తారన్న నమ్మకంతో దుంగలకు గుర్తులు పెట్టాడు. నాలుగు రోజులకు కాగితం నిండా లెక్కలు కట్టుకునేవాళ్ళకు ఆ పథకం ధైర్యం చెబుతుంది. అడవిని తెలుసుకోవాలనుకున్నవాళ్ళు లెక్కను వదిలేయలేదు, లెక్కను అడవి వయసుకు సాగదీశారు. ఈ లోయలో అయిదు వందల ఏళ్ళ స్ప్రూస్ ఒకటి మొలకెత్తిన నాడు హంపీలో శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్నాడు. అలాంటి చెట్టు పక్కనుంచి గంటకు రెండున్నర మైళ్ళ చొప్పున దాటిపోవాలా, గంటకు ఒక మైలు చొప్పునా? మొదటి రోజు తొమ్మిది మైళ్ళకు నాలుగు గంటలు కాక తొమ్మిది గంటలు రాసుకున్న కాగితమే మంచి కాగితం.

ఆ నెమ్మదికి ఇంకో కారణం కూడా చెప్పాలి. బాటలో మూడు మైళ్ళు దాటాక, చదునుగా పోతున్న దారికి పక్కగా, ఒక దుంగ మీద చిన్న ఎర్రరాయి పెట్టి ఉండేది. 2005 ధరిత్రీ దినం నాడు శబ్దాలను రికార్డు చేసే గార్డన్ హెంప్టన్ దాన్ని అక్కడ పెట్టి, ఆ ఒక్క చదరపు అంగుళం చోటును మనుషుల చప్పుడు చొరబడని చోటుగా కాపాడాలని పూనుకున్నాడు. అంగుళంలో చప్పుడు లేకుండా ఉండాలంటే దాని చుట్టూ మైళ్ళ కొద్దీ లేకుండా ఉండాలి కదా అన్నది ఆయన వాదన. విమానాలూ, నేవీ జెట్లూ ఆ వాదనను రోజూ పరీక్షిస్తూనే ఉన్నాయి. వాటి మోత లేని వేళల్లో ఆ లోయలో వినిపించేవి నది, రెన్ పిట్ట, నాచు మీదినుంచి జారే నీటిబొట్టు. గుంపుగా వెళ్ళేవాళ్ళు అక్కడ ఓ అరగంట మాటలు ఆపాలని ముందే అనుకుని కాగితంలో రాసుకోవడం మంచిది. రాసుకోకపోతే ఆగరు.

తిండి దగ్గరికి వస్తే తెలుగు వంటిల్లు ఈ పనికి బాగా పనికొస్తుంది. సంచి మోస్తూ రోజంతా నడిచే మనిషికి మూడు వేల కేలరీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కావాలి. మనిషికి రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఎండు సరుకు అని ఒక అంచనా. తక్కువ బరువులో ఎక్కువ బలం ఇచ్చేవి కొవ్వు పదార్థాలు: వంద గ్రాముల నెయ్యిలో దాదాపు తొమ్మిది వందల కేలరీలుంటే బియ్యంలో మూడు వందల యాభై. కాబట్టి ముందే పోపు పెట్టి వేయించి చల్లార్చిన ఉప్మా రవ్వ, మరిగే నీళ్ళు పోస్తే చాలు మెత్తబడే అటుకులు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి, వేరుశెనగ చిక్కీలు, నువ్వుండలు, ఖర్జూరాలు. బియ్యం ఉడకడానికి గ్యాస్ ఎక్కువ తింటుంది కనుక అన్నం మీద మమకారం నాలుగు రోజులు వదులుకోవాల్సిందే. మరీ ఉండలేనివాళ్ళకు ఇంట్లో వండి ఎండబెట్టిన అన్నం ఉంది. స్టవ్‌కు పెట్టే గ్యాస్ డబ్బా విమానంలో తేనివ్వరు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్ళు పోర్ట్ ఏంజెలిస్‌లో ఆగి కొనుక్కోవాలి. ఊరగాయ సంగతి వేరే. ముద్ద నోట్లోకి పోవాలంటే ఆవకాయ ఉండాలనేవాళ్ళు దాన్ని రెండు సంచుల్లో మూతి బిగించి పట్టుకెళ్ళాలి, ఎందుకంటే ఆ వాసన మనుషులకే కాదు నచ్చేది.

ఇక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి, గ్రిజ్లీలు లేవు. నల్ల ఎలుగు మనిషి జోలికి రావడం అరుదు, తిండి జోలికి రావడం అరుదు కాదు. ఒక్కసారి మనిషి తిండి రుచి మరిగితే అది మకాంల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. అందుకే తిండి, చెత్త, సబ్బు, పళ్ళపేస్టు, వాసన ఉన్న ప్రతిదీ రాత్రి పూట ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి, లేదా ఉద్యానవనం వారు కట్టిన తీగలకు వేలాడదీయాలి. అవీ లేకపోతే నేలకు పన్నెండు అడుగుల ఎత్తున, చెట్టు మానుకు పది అడుగుల ఎడంగా కట్టాలి. డబ్బా కిలో పైచిలుకు బరువు. బ్రష్షు పిడి కోసి మిగిల్చిన గ్రాములన్నీ ఈ ఒక్క డబ్బా తినేస్తుంది. అయినా అదే తీసుకెళ్ళడం మంచిది. అలసిపోయి చీకటి పడ్డాక చెట్టు కొమ్మకు తాడు విసరడం అందరివల్లా అయ్యే పని కాదు. పదకొండు లీటర్ల డబ్బాలో నాలుగు రోజుల తిండి ఇద్దరికి పట్టేలా సర్దడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోవాలి. అటుకుల ప్యాకెట్లు గాలి తీసి పెడితేనే పడతాయి.

ఎల్క్ దుప్పుల గురించి కాగితంలో ఉండేది ఒక్క మాటే: దూరంగా ఉండాలి. కానీ ఈ అడవి ఇంత విశాలంగా, నడవడానికి ఇంత వీలుగా ఉండడానికి కారణం చాలావరకు అవే. పొదలనూ లేత మొక్కలనూ మేసి అడుగు భాగాన్ని తెరిపిగా ఉంచుతాయి. వాటిని రానివ్వకుండా కంచె వేసి చూసిన చోట కొన్నేళ్ళకే పొదలు మనిషి దూరలేనంతగా అల్లుకున్నాయి. పెద్ద చెట్ల మధ్య గుడి మండపంలాంటి ఆ ఖాళీ మేతది.

నీళ్ళ విషయంలో కొత్తవాళ్ళు తడబడతారు. నది పక్కనే నడుస్తుంటే నీళ్ళ బెంగ ఏముంటుంది? హో నదిది పాల మీగడ కలిపినట్టున్న నీలిబూడిద రంగు. పైన హిమానీనదాలు కొండరాయిని పిండిలా నూరి నీళ్ళలో కలుపుతాయి. ఆ పిండి వడపోత గొట్టాన్ని ఒక్క పూటలో మూసేస్తుంది. పక్కనుంచి వచ్చి కలిసే వాగులు తేటగా ఉంటాయి; నీళ్ళు పట్టుకోవలసింది అక్కడ. తేటగా ఉన్నంత మాత్రాన తాగేయడానికి లేదు, జియార్డియా అనే కంటికి కనబడని జీవి కడుపును రోజుల తరబడి పట్టి పీడిస్తుంది. వడపోయాలి, లేదా ఒక నిమిషం పాటు తెర్లనివ్వాలి. మ్యాపులో ఏ వాగు ఎన్నో మైలు దగ్గర తగులుతుందో గుర్తు పెట్టుకున్నవాళ్ళు రెండు లీటర్ల బదులు ఒక్క లీటరు మోస్తారు. ఒక లీటరంటే ఒక కిలో. ఆ నీళ్ళ మూలం కూడా తగ్గిపోతోంది: ఒలింపిక్ కొండల్లో 1982లో 266 హిమానీనదాలు లెక్కకు రాగా 2009 నాటికి 184 మిగిలాయి. వేసవి చివర్లో ఈ నదికి నీళ్ళిచ్చేది ఆ మంచే.

బట్టల దగ్గర తెలుగు అలవాటు పూర్తిగా తలకిందులవుతుంది. ఎండల దేశంలో నూలు బట్టంత హాయి ఇంకొకటి లేదు. ఈ లోయలో అదే ప్రాణం మీదికి తెస్తుంది. తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది, ఒక పట్టాన ఆరదు. గాలిలోనే తేమ నిండి ఉన్న చోట రాత్రి ఆరేసిన చొక్కా తెల్లారి చూస్తే ఇంకా తడిగా ఉంటుంది. ఆగస్టులో కూడా రాత్రులు పది డిగ్రీల సెల్సియస్‌కు దిగొచ్చు. గడ్డకట్టే చలి అక్కర్లేదు. పది డిగ్రీలు, వాన, గాలి, అలసట, ఖాళీ కడుపు కలిస్తే ఒంటి వేడి ముప్పై అయిదు డిగ్రీల కిందికి జారడానికి చాలు. వణుకు, వేళ్ళు తడబడి జిప్పు పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. చివరిది పక్కవాళ్ళే గమనించగలరు. అందుకని ఒంటిని అంటి ఉండేది ఉన్నిదో సింథటిక్‌దో అయి ఉండాలి, దాని మీద వెచ్చని కోటు, ఆపైన వానకోటు. ఇవికాక ఒక జత పొడి బట్టలు నీరు చొరని సంచిలో విడిగా ఉండాలి. పగలు ఎంత తడిసినా వాటిని ముట్టుకోకూడదు, అవి పడుకునేటప్పటికే. పొద్దున్నే మళ్ళీ తడి బట్టలే వేసుకుని నడవడం కష్టంగా ఉంటుంది, కానీ ఆ నియమం తప్పితే రెండో రాత్రి వేసుకోవడానికి ఏమీ ఉండదు. ఇంత సర్దాక సంచి బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక మోటు లెక్క. డెబ్బై కిలోల మనిషికి పద్నాలుగు కిలోలు. దాటితే ఏదో ఒకటి తీసి పక్కన పెట్టాలి. తీసేది వానకోటు కాకూడదు, పుస్తకం కావచ్చు.

డేరా వేయడానికి నది ఒడ్డున గులకరాళ్ళ మేటలు మంచి చోటు. అక్కడ తొక్కితే నలిగే మొక్కలు తక్కువ. అయితే ఎండ ఎక్కినకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికీ సాయంత్రానికీ నది పెరుగుతుంది. వాన పడితే ఇంకా. నీటి గీతకు బాగా ఎత్తున వేసుకోవాలి. నిలువునా ఎండిన మాను వాలు కింద డేరా వేయకూడదు. 1921 జనవరిలో ఒక్క గాలివాన ఈ ద్వీపకల్పం పడమటి అడవిలో కోట్ల అడుగుల కలపను నేలకూల్చింది. చిన్న గాలికి కూడా ఒక కొమ్మ విరగొచ్చు. నిప్పు రాజేయడం 3,500 అడుగుల పైన నిషేధం. మరుగుదొడ్డి లేని చోట నీటికి రెండు వందల అడుగుల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి, కాగితం వెంట తెచ్చుకోవాలి. ఈ సంగతి చెప్పుకోవడానికి మొహమాటపడి చిన్న పార ఇంట్లో మరిచిపోయేవాళ్ళు ఉంటారు. పట్టీలో అది పైనే ఉండాలి.

పదమూడో మైలు దగ్గర బాట నదిని లోతైన రాతి సందు మీద వంతెనతో దాటుతుంది. అక్కడి నుంచి కొండ మొదలు. చెట్ల జాతులు మారతాయి, నాచు తగ్గుతుంది, ఎల్క్ లేక్ దగ్గరికి చేరేసరికి నది చప్పుడు కింద ఎక్కడో ఉంటుంది. గ్లేసియర్ మెడోస్‌కు కాస్త ఇవతల, కొండచరియ జారి బాట తెగిపోయిన చోట, తీగలకు చెక్కమెట్లు బిగించిన పొడవాటి నిచ్చెన వేలాడుతుంది. కొండవాలు వెంట దాన్ని పట్టుకుని దిగి, వాగు దాటి, అవతల ఎక్కాలి. ఒక్కొక్కరే దిగాలి, పైనున్నవాళ్ళు రాళ్ళు దొర్లకుండా చూసుకోవాలి. అది దాటి మరో మైలు పైకెళితే హిమానీనదం తోసిన రాళ్ళ గట్టు (మోరెయిన్) మీద నుంచి బ్లూ గ్లేసియర్, దాని వెనక ఒలింపస్ శిఖరం కనిపిస్తాయి. హిమానీనదం మీదికి దిగడానికి తాడూ గొడ్డలీ తెలిసిన మనుషులూ కావాలి. నడకకు వచ్చినవాళ్ళ హద్దు ఆ గట్టే.

నిచ్చెన దగ్గర ఏం చేయాలన్నది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాల్సిన విషయం. ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు గుంపులో ఒకరున్నా, వాన పడుతున్నా, మధ్యాహ్నం రెండు దాటినా వెనక్కి తిరగాలని ముందే రాసుకుంటే అక్కడ వాదన ఉండదు. అంతదూరం వచ్చాక మనసు ఒప్పుకోదు, కాళ్ళు కూడా ఇంకో గంట పనేనని అబద్ధం చెబుతాయి. కింద వదిలొచ్చిన పదిహేను మైళ్ళ అడవి శిఖరం చూడనివాళ్ళకు తక్కువేమీ కాదు. చాలామంది గార్డ్ స్టేషన్ దగ్గరే రెండు రాత్రులు ఉండి, పగళ్ళు ఆ చుట్టుపక్కల దుంగల మధ్యే గడిపి వెనక్కి వస్తారు. అడవి కోసమే వచ్చినవాళ్ళకు అదే మెరుగైన పథకం అనిపిస్తుంది.

లోయలోకి వెళ్ళాక ఫోనుకు సిగ్నల్ ఉండదు. అందువల్ల పట్టీలో చివరి పద్దు ఇంట్లో వదిలిపెట్టే కాగితం. ఏ రాత్రి ఏ మకాం, పర్మిట్ నంబరు, కారు నంబరు, గుంపులో ఎవరెవరు, ఎవరికి ఏ మందులు వాడుక, తిరిగి కారు దగ్గరికి చేరే రోజు, గంట. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఇచ్చే కాపీ ఒకటి ఉంటే ఉండొచ్చు, కానీ అసలు కాగితం అమెరికాలోనే, ఆ నాలుగు రోజులూ ఫోను ఎత్తే మనిషి దగ్గర ఉండాలి. చెప్పిన గంట దాటాక ఎంతసేపు ఆగి 911కు ఫోన్ చేయాలో కూడా అందులో రాయాలి. ఆఖరి రోజు బొబ్బలెక్కిన పాదాలతో నడక సాగదు, ఫోర్క్స్ దాకా కారు వస్తే గానీ సిగ్నల్ సరిగా అందదు. కాబట్టి అరపూట వెసులుబాటు ఇచ్చి గంట వేయడం మేలు.